గుమ్మటం మీద గొంగడి

సునీల్‌ని చంపిన చోట రెండు వేల ఏళ్ళుగా దేవుళ్ళు మారుతూ వస్తున్నారు. మనుషుల్ని చంపే పద్ధతి మాత్రం పెద్దగా మారలేదు.

రోము నగరం నడిబొడ్డున గుండ్రటి పాత కట్టడం ఒకటుంది. దాని మీద పెద్ద గుమ్మటం. గుమ్మటం నడినెత్తిన గుండ్రటి రంధ్రం. దానికి మూత లేదు. ఎండైనా వానైనా నేరుగా లోపలికే వస్తుంది. వాన పడిన రోజున లోపలి రాతినేల మీద నీళ్ళు ఊడ్చే కూలీగా సునీల్ అక్కడ కుదిరాడు. అసలు అతను హైదరాబాద్‌లో ఒక ఆఫీసు మనిషి. ఆ ఆఫీసు బయట విత్తనాల పరీక్షా కేంద్రం అని బోర్డు ఉంటుంది. అక్కడ ఇంతవరకు ఒక్క గింజ మొలిచిన పాపాన పోలేదు.

ఆ ఉదయం వాన పడుతోంది. టూరిస్టులు గొడుగులతో లోపలికి వచ్చారు. ఒక గొడుగు కొస సునీల్ పిక్కకి తగిలింది. ఎవరో ఆడమనిషి మర్యాదగా సారీ చెప్పి జనంలో కలిసిపోయింది. విషం మోకాలు దాటేలోపు సునీల్ ఫోన్ తీసి హైదరాబాద్ నంబరు నొక్కాడు. అవతల ఎత్తినవాడికి రెండే మాటలు వినపడ్డాయి.

"ఫోన్లు ఆపినా ఫాయిదా లేదు. అది పైనుంచొస్తది."

ఆ తర్వాత చీపురు కర్ర నేల మీద పడిన చప్పుడు. అంతే.

*

"ఓక్యులస్," అన్నాడు చీఫ్, తెర మీద గుమ్మటం రంధ్రాన్ని చూపిస్తూ. "ఈ రంధ్రానికి అక్కడి పేరు అది. సునీల్‌ని చంపిన ముఠా కూడా అదే పేరు పెట్టుకుంది."

ఎదురుగా కూర్చున్న ఏజెంట్ గోపాల్ తలూపాడు. నలభైకి దగ్గరపడ్డ మనిషి. నల్గొండ జిల్లా కేతేపల్లిలో గొర్రెలు కాసే ఇంట్లో పుట్టి, డిగ్రీ గట్టెక్కి, పరీక్షలు రాసి ఈ విత్తనాల ఆఫీసులో వచ్చి పడ్డాడు. సునీల్, అతనూ ఒకే బ్యాచ్. ట్రైనింగులో ఒకే కంచంలో తిన్నారు. ఆ సంగతి చీఫ్‌కి తెలుసు. కానీ బ్రీఫింగులో సంతాపానికి స్లైడ్ పెట్టలేదు.

చీఫ్ ఢిల్లీలో పుట్టి పెరిగినవాడు. ట్యూషన్ పెట్టించుకుని మరీ తెలుగు నేర్చుకున్నాడు. అందుకని తెలంగాణ డెస్క్ ఆయన చేతికి ఇచ్చారు. పాఠం చదివినట్టు, తప్పుల్లేకుండా మాట్లాడతాడు. ఆయన చెప్పిన దాని సారాంశం ఇది.

ఓక్యులస్ ముఠా సరుకు కల్లోలం. డబ్బిచ్చే దేశం ఉంటే చాలు, ఏ దేశంలోనైనా తగువు పెట్టిస్తుంది. రెండు మూడు మతాలు ఒకే కప్పు కింద సర్దుకుని బతికే చోటు చూస్తారు. దాన్ని పేలుస్తారు. పొగ ఆరకముందే, ఇది ఫలానా వాడి పని అని వీడియో వదులుతారు. మిగతాది జనమే చూసుకుంటారు. కొత్త గిరాకీ వస్తే ముఠా వాళ్ళు రోము తీసుకెళ్ళి ఆ గుమ్మటమే చూపిస్తారట. ఇది మొదట్లో రోమన్ల సకల దేవతల గుడి. తర్వాత చక్రవర్తి దాన్ని పోపుకి ఇచ్చాడు, పాత దేవుళ్ళు పోయి మేరీమాత వచ్చింది, చర్చి అయింది. ఆ తర్వాత రాజుల్ని తెచ్చి పాతిపెట్టారు. మధ్యలో ఇంకో పోపు వాకిటి పైకప్పుకి ఉన్న కంచునంతా ఊడదీసి ఫిరంగులు పోయించాడు. ఇప్పుడు టికెట్ పెట్టారు. దేవుడు మారిన ప్రతిసారీ ఎవరో ఒకరు బాగుపడ్డారు, ఆ మార్పునే మేం అమ్ముతాం అన్నది వాళ్ళ వ్యాపార సూత్రం.

"ఈసారి ఎక్కడ సార్?"

"కొల్లాపూర్ దగ్గర, కృష్ణ ఒడ్డున, గుమ్మటంగడ్డ. అక్కడా పైన రంధ్రం ఉన్న గుమ్మటమే. జాతర నాడు పేలుస్తారు. సునీల్ చెప్పిన మాట మీకు తెలుసు. ఫోన్లు ఆపినా లాభం లేదు, పైనుంచి వస్తుంది. అంటే డ్రోన్. అందుకే ఈ మిషన్‌కి ఆపరేషన్ గొడుగు అని పేరు పెట్టాం."

పేరు తనకే నచ్చినట్టుంది, చీఫ్ చిన్నగా నవ్వాడు. సునీల్‌ని చంపింది గొడుగుతోనే అన్న సంగతి ఆ గదిలో ఒక్కరికే గుర్తుంది.

కొల్లాపూర్‌లో గోపాల్‌ని కలవబోయేది త్రివేణి. డబుల్ ఏజెంట్. రోములో శిల్పకళ చదివిన పోచంపల్లి అమ్మాయి. ముఠాలో ఉంటూ మనకి కబురందిస్తుంది. కోడ్ మాట సునీల్ కూర్చినదే. ఈ ఇల్లు ఎవరిది అని ఒకరు అడగాలి. ఊడ్చినవాళ్ళది అని రెండోవాళ్ళు చెప్పాలి.

*

గోపాల్ మారువేషం గొర్రెల బేరగాడు. తలకి రుమాలు, భుజాన నల్ల గొంగడి, చేతిలో కర్ర, వెంట ఒక పొట్టేలు. పొట్టేలు మెడగంటలో ట్రాన్స్‌మిటర్, రుమాలు మడతలో ఇయర్‌పీస్. కొడుకు ఇలా గొంగడి వేసుకుని గొర్రెల వెంట తిరగాలని బతికినన్నాళ్ళూ అతని బాపు కోరుకున్నాడు. చివరికి ఆ కోరిక సర్కారు ఖర్చుతో తీరింది.

కొల్లాపూర్ ఇప్పుడు కాగితాల మీద వేరే జిల్లా. అక్కడి ముసలివాళ్ళకి ఇంకా పాలమూరే. పాత సంస్థానం బంగళా ఒకదాన్ని గెస్ట్‌హౌస్ చేశారు. దాని వరండాలో పోచంపల్లి పట్టుచీర కట్టుకుని, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని కూర్చుంది త్రివేణి. అద్దాలు తీస్తే ఎదుటివాడు వచ్చిన పని మరచిపోతాడని ఆమెకి తెలుసు. కాబట్టి తీసింది.

"ఈ ఇల్లు ఎవరిది?"

"ఊడ్చినవాళ్ళది," అన్నాడు గోపాల్.

టీ వచ్చింది. సునీల్ గురించి చెబుతూ త్రివేణి కళ్ళు తుడుచుకుంది. అతని చివరి రోజుల్లో తనే తోడున్నానంది. రోము గుమ్మటం గురించి ఎంతో ముచ్చటగా చెప్పింది. ఏడాదిలో ఒక రోజు మధ్యాహ్నం ఆ రంధ్రంలోంచి పడే వెలుగు సరిగ్గా తలుపు దగ్గర పడుతుందట. చక్రవర్తి ఆ వేళకే అడుగు పెట్టేవాడని పండితుల ఊహ అట. ఇంకో పండగ నాడు పైకెక్కి గులాబీ రేకులు జల్లుతారట. వింటున్నంతసేపు గోపాల్ నిజంగానే వచ్చిన పని మరచిపోయాడు. ఆడదాని నోట చదువు అంత అందంగా వినిపించడం అతనికి అదే మొదలు.

తర్వాత పనిలోకి వచ్చింది. డ్రోన్ నది అవతలి ఒడ్డు నుంచి వస్తుంది, కాబట్టి మనవాళ్ళంతా ఒడ్డున ఉండాలి. ఆకాశం మీంచి చూపు తిప్పకూడదు. గుమ్మటం కాపలాదారుని ఒకసారి చూడాలని గోపాల్ అడిగాడు.

"ఇప్పుడు దొరకడు. శుక్రవారం కదా, సైదులు నమాజుకి వెళ్ళి ఉంటాడు," అంది త్రివేణి. "నేరం తోయబోయేది అతని మీదే. ముస్లిం కాపలాదారు మల్లన్న గుడిని పేల్చాడని వీడియో ముందే తయారైంది."

గోపాల్ చేతిలో టీ గ్లాసు ఆగింది. ఆగినట్టు కనపడకుండా మళ్ళీ నోటి దాకా వెళ్ళింది.

"పోచంపల్లిలో మీ బళ్ళో సైదులు అనే పిల్లలు లేరా మేడం?"

"మా బళ్ళో ముస్లిం పిల్లలు తక్కువ."

నల్గొండ వైపు పుట్టినవాళ్ళకి ఈ ముక్క విడమరిచి చెప్పక్కర్లేదు. పుట్టిన పిల్లలు దక్కని ఇంట్లో ఆడవాళ్ళు జాన్‌పహాడ్ సైదుల దర్గాకి పోయి మొక్కుకుంటారు. బిడ్డ దక్కితే కందూరు చేస్తారు, అంటే మేకను కోసి పదిమందికీ అన్నం పెడతారు. మగపిల్లాడైతే సైదులు, ఆడపిల్లైతే సైదమ్మ. గొల్లల్లో, కురుమల్లో, గౌడ్లలో, సాలెల్లో సైదులు లేని వాడ ఉండదు. వాళ్ళు మల్లన్నకి పసుపు పెడతారు, సైదులకి ఊదు వేస్తారు, రెండూ ఒకే చేత్తో. పోచంపల్లిలో పుట్టిన పిల్లకి ఇది తెలియదంటే మగ్గం మీద పడుగేదో పేకేదో తెలియదన్నట్టే.

గోపాల్‌కి మరీ బాగా తెలుసు. అతని అసలు పేరు సైదులు.

ముందు పుట్టిన ఇద్దరు పోతే తల్లి శ్యామలమ్మ మొక్కి కన్న బిడ్డ అతను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పెద్ద అధికారి భుజం తట్టి, ఈ పేరుతో నీ కాగితం ప్రతి టేబుల్ దగ్గరా ఆగుతుందయ్యా అన్నాడు. మంచికే చెప్పాడు. గెజిట్‌లో వేయించి గోపాల్ అయ్యాడు. కాగితం ఎక్కడా ఆగలేదు. ఇంటికెళ్ళి తల్లికి చెప్పాడు. ఆమె ఆ రోజు నుంచి చనిపోయేదాకా అతన్ని ఏ పేరుతోనూ పిలవలేదు. అన్నం తిన్నవా అని మాత్రం అడిగేది.

గోపాల్ లేచి దండం పెట్టి బయటికి వచ్చాడు. పొట్టేలు మెడలోంచి గంట విప్పి త్రివేణి కారు వెనక డిక్కీలో, స్టెప్నీ కింద పడేశాడు. సందు చివర నిలబడి చీఫ్‌కి ఫోన్ చేశాడు.

"సార్, త్రివేణి మన మనిషి కాదు. పోచంపల్లి మనిషి అసలే కాదు."

"ఆధారం?"

"సైదులు అంటే ముస్లిం అనుకుంటోంది."

అవతల ఏవో కాగితాలు తిరగేసిన చప్పుడు.

"సైదులు అంటే ముస్లిమే కదా?" అన్నాడు చీఫ్.

గోపాల్ ఫోన్‌ని చెవి దగ్గర నుంచి తీసి దాని మొహం ఒకసారి చూశాడు. తెలంగాణ డెస్క్ అది. దొంగ చేతికి తాళంచెవి ఇస్తే బాధ లేదు, పట్టుకోవచ్చు. ఏ తాళం ఏ ఇంటిదో తెలియని యజమానితో వేగడమే కష్టం. ఒక పేరు మీద ఆధారపడి ఇంత పెద్ద సోర్స్‌ని అనుమానించలేమని, రేపు ఒడ్డున డ్రోన్ గన్‌ల దగ్గర ఉండమని చీఫ్ ఆర్డర్ వేశాడు.

*

ఆర్డర్ పాటించే ముందు గోపాల్ గుమ్మటం చూసి వచ్చాడు.

ఎవరు కట్టారో ఎవరికీ తెలియదు. మొదట జైనులదట. తర్వాత శివుడు వచ్చాడట. ఆ తర్వాత ఎక్కడి నుంచో ఒక సైదు, అంటే తురక సాధువు, వచ్చి పడుకుని మళ్ళీ లేవలేదట. రోములో కొత్త దేవుడు వస్తే పాత దేవుళ్ళు మూట సర్దుకున్నారు. ఇక్కడ ఎవరినీ ఎవరూ లెమ్మనలేదు. ఒక గూట్లో మల్లన్న, ఇంకో గూట్లో పీర్లు, మూలన ఆకుపచ్చ గుడ్డ కప్పిన గోరీ. అన్నిటికీ కలిపి చీపురు ఒక్కటే. ఆ చీపురు సైదమ్మది.

సైదమ్మ గొల్ల ముసలమ్మ. కొడుకు సైదులు గొర్రెలు కాస్తూ గుమ్మటం తాళం చూసుకుంటాడు. మెడలో మల్లన్న బిళ్ళ, మోచేతికి దర్గా తాయెత్తు. నమాజుకి పోయాడన్న మనిషి చెట్టు కింద కూర్చుని గొర్రెకి గిట్టలు చెక్కుతున్నాడు. అతనే జాతర సంగతి చెప్పాడు. ఎండాకాలంలో ఒకనాడు మిట్టమధ్యాహ్నం మనిషి నీడ కాళ్ళ కిందికి వచ్చి మాయమవుతుంది. ఆ రోజు రంధ్రంలోంచి ఎండ నిట్టనిలువుగా దిగి నేల నడుమ రాయి మీద పడుతుంది. వెలుగు రాయిని తాకగానే సైదులు గుమ్మటం పైనుంచి సంచెడు పసుపు లోపలికి కుమ్మరిస్తాడు. కింద మల్లన్న భక్తులు బండారి అని కళ్ళకద్దుకుంటారు, తురకలు గంధం పూస్తారు, అందరూ అందరిదీ పూసుకుంటారు.

"నీ పేరేందన్నా?" అని సైదులు అడిగాడు.

"గోపాల్."

"మంచి పేరు," అన్నాడు సైదులు, గిట్ట మీంచి చూపు తిప్పకుండా.

*

జాతర రోజు ఎండ పెళపెళమంటోంది. ఒడ్డున డ్రోన్ గన్‌లు ఆకాశం వైపు తిప్పి కుర్రాళ్ళు వరసగా నిలబడ్డారు. తమ సొంత లైను ఒక్కటి వదిలి జామర్లు వేశారు. పల్లెలో ఒక్క ఫోన్ పలకడం లేదు. ఆకాశంలో గద్ద తప్ప ఏమీ లేదు. గోపాల్ మనసు ఒడ్డున నిలవలేదు. ఆర్డర్‌ని ఒడ్డునే వదిలేసి గుమ్మటం వైపు నడిచాడు.

లోపల జనం కిక్కిరిసి ఉన్నారు. ఉన్నది ఒకటే తలుపు, అదీ వంగి దూరేంత. వాకిట్లో దాకా జనమే. బయట అరుగు మీద సైదమ్మ చీపురు పక్కన పెట్టుకుని ముఖం ముడుచుకుని కూర్చుంది. జాతర నాడు నువ్వు బయటెందుకున్నావు అవ్వా అని అడిగాడు.

"గా చీర మేడం ఊడ్వనియ్యలె బిడ్డా," అంది సైదమ్మ. "నిన్న మాపటికి మనుషులను తోల్కొచ్చి, పరీక్ష చెయ్యాలన్కుంట నడిమి రాయిని లేపి మల్ల పెట్టిండ్రు. దాని మీద నల్ల గుడ్డ కప్పింది. చీపురు తాకనియ్యొద్దు, ఎండ తగలనియ్యొద్దు అన్నది. ఇగో, జర సేపైతాంది, తనే వచ్చి గుడ్డ తీసుకొని పోయింది."

ఎండ తగలనియ్యొద్దు.

గోపాల్ తల ఎత్తి చూశాడు. సూర్యుడు నడినెత్తికి వచ్చేస్తున్నాడు. కాళ్ళ దగ్గర తన నీడ చెప్పుల కిందికి నక్కుతోంది. ఫోన్లు ఆపినా ఫాయిదా లేదు, అది పైనుంచొస్తది. సునీల్ చెప్పింది డ్రోన్ గురించి కాదు. వెలుగు గురించి. నడిమి రాయి మీద ఎండని పసిగట్టే కన్నేదో పెట్టారు. ఎండ తాకితే పేలుతుంది. వెలుతురుకి జామర్ లేదు. రోములో నీళ్ళు ఊడుస్తూ, నేల మీద జరిగే ఆ వెలుగుని రోజూ చూసిన సునీల్ ఒక్కడికే అది అర్థమైంది. అర్థమైనందుకే చచ్చాడు.

ఇయర్‌పీస్‌లో బాంబ్ స్క్వాడ్‌ని పిలిచి రాయి సంగతి చెప్పాడు. తలుపు వైపు చూస్తే చీమ దూరే సందు లేదు. బాంబు అని అరిస్తే ఆ ఒక్క తలుపు దగ్గరే తొక్కుకుని చస్తారు. మిగిలింది పైదారి. గుమ్మటం వెనక రాతి మెట్లు ఉన్నాయి. గొంగడి భుజాన వేసుకుని పరుగెత్తాడు. మెట్లు అయిపోయాక గుమ్మటం నున్నటి ఒంపు. కాలిన పెనం మీద పాకినట్టు పాకాడు.

పైన రంధ్రం అంచున సైదులు పసుపు సంచి పట్టుకుని కూర్చుని ఉన్నాడు. బండిచక్రమంత రంధ్రం. తొంగి చూస్తే కింద నేల మీద వెలుగు పళ్ళెం నెమ్మదిగా రాయి వైపు జరుగుతోంది. రాయికీ వెలుగుకీ మధ్య జానెడు చోటు ఉంది. రాయి చుట్టూ పిల్లల్ని ఎత్తుకున్న తల్లులు. వెలుగు తాకిన రాయిని ముందు తాకిన బిడ్డకి ఏడాదంతా రోగం రాదని నమ్మకం.

గోపాల్ గొంగడి విప్పి రంధ్రం మీద పరిచాడు. నది మీంచి వస్తున్న గాలి దాన్ని లేపింది. సైదులు నిర్ఘాంతపోయి చెయ్యి పట్టుకున్నాడు.

"ఏం జేస్తున్నవన్నా? వెలుగును మూస్తరా ఎవలన్న?"

"కింద బాంబుంది సైదులూ. ఎండ తాకితే పేలుతది. పట్టు."

సైదులు పసుపు సంచి పక్కన పడేసి, గొంగడి అటు అంచుల మీద బోర్లా పడుకున్నాడు. ఇటు అంచుల మీద గోపాల్. కింద గుమ్మటం చీకటైపోయింది. మొదట గోల, తర్వాత తిట్లు. తరతరాలుగా వస్తున్న వెలుగుని ఎవడో మూశాడు. దేవుడి కన్ను పొడిచిండని ఒక ఆడమనిషి శాపనార్థాలు పెట్టడం పైకి స్పష్టంగా వినిపించింది. కాలుతున్న రాతి మీద ఇద్దరు సైదులు బోర్లా పడుకుని అన్నీ విన్నారు.

స్క్వాడ్ వాళ్ళు పామొచ్చిందని చెప్పి జనాన్ని ఒక్కొక్కరిగా బయటికి పంపారు. రాయి లేపి, కింద ఉన్నదాన్ని తీసి, వైరు కోశారు. ఇయర్‌పీస్‌లో అయిపోయింది అని వినపడేసరికి గొంగడి ఒక మూల గాలికి జారి ఎండ లోపలికి దూకింది. ఖాళీ రాయి మీద పడింది. ఆ ఏడు ఆ వెలుగుని చూడటానికి బాంబ్ స్క్వాడ్ తప్ప ఎవరూ లేరు.

నది ఒడ్డున పడవ కోసం చూస్తున్న త్రివేణిని డిక్కీలో గంట పట్టిచ్చింది. చేతులకి సంకెళ్ళు పడుతుంటే, ఎక్కడ దొరికిపోయానని గోపాల్‌ని అడిగింది. అతను చెప్పలేదు. చెబితే తర్వాత వచ్చేవాళ్ళు నేర్చుకుంటారు.

*

పని అక్కడితో అయిపోతే ఇది మామూలు కథ.

ముఠా తయారుచేసిన వీడియో అనుకున్న వేళకి విడుదలైపోయింది. గుమ్మటం నిలబడే ఉంది, అయినా కొల్లాపూర్ హోటళ్ళలో టీవీల్లో పేలిపోయింది. పసుపు సంచి మోస్తూ మెట్లెక్కుతున్న సైదులు చుట్టూ ఎర్ర గీత గీసి, ఈ సంచిలో ఏముందని యాంకర్లు అడిగారు. ఎద్దు ఈనిందంటే దూడను గాట కట్టెయ్యమన్నట్టు, సాయంత్రానికి పోలీసులు సైదులుని ఎత్తుకుపోయారు.

గోపాల్ హైదరాబాద్ వచ్చి చీఫ్ ముందు నిలబడ్డాడు. చీఫ్ ముందుగా అభినందించాడు. తర్వాత పరిస్థితి వివరించాడు. త్రివేణిని ఒక మిత్రదేశం అడిగింది, ఇచ్చేశాం, బదులుగా మనవాడొకడు వెనక్కి వస్తున్నాడు. కాబట్టి ఓక్యులస్ అన్న పేరు ఎక్కడా రాకూడదు. కానీ బాంబు దొరికిన మాట నిజం కనక కేసుకి ఒక ముద్దాయి ఉండాలి.

"సునీల్‌ని చంపిన గొడుగు ఆమెదే సార్. అతని చివరి రోజుల్లో పక్కనున్నది ఆమే."

"మనకు తెలుసు," అన్నాడు చీఫ్. "అది వేరే విషయం."

"అయితే కేసు సైదులు మీద రాస్తారా?"

"ప్రజలు ఇప్పటికే నమ్మారు. పేరు కూడా సరిపోతుంది."

గోపాల్ టేబుల్ మీది కేసు కాగితాన్ని తన వైపు లాక్కున్నాడు. సునీల్‌తో ఒకే కంచంలో తిన్న అన్నం, తల్లి పిలవకుండా దాచుకున్న పేరు, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

"ఆ రోజు గుమ్మటం మీద ఇద్దరున్నారు సార్," అన్నాడు. "రెండోవాడి పేరు కూడా రాయండి. మా అమ్మ నాకు పెట్టిన పేరు సైదులు. కోర్టులో ఆ పేరుతోనే సాక్ష్యం చెబుతా. మిగతావి కూడా చెబుతా."

చీఫ్ కుర్చీలో వెనక్కి వాలాడు. ఎన్నో ఏళ్ళుగా పక్కన కూర్చోబెట్టుకున్న మనిషిని మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. తర్వాత గొంతు తగ్గించి, ఎంతో మర్యాదగా అడిగాడు.

"మీరు ముస్లిమా?"

గోపాల్‌కి నవ్వొచ్చింది. ఏడుపు రావలసిన చోట వచ్చే నవ్వు అది.

సైదులుని వదిలేశారు. ఎందుకు పట్టుకున్నారో చెప్పనట్టే ఎందుకు వదిలారో కూడా చెప్పలేదు. టీవీల్లో అది రాలేదు. గోపాల్‌ని విత్తనాల ఆఫీసులోనే ఉంచి, నిజంగానే విత్తనాలు చూసే పని అప్పజెప్పారు.

*

వానలు మొదలయ్యాక గోపాల్ ఒకసారి గుమ్మటంగడ్డకి వెళ్ళాడు. వేషం లేదు. గొంగడి మాత్రం ఉంది, తిరిగి ఇచ్చేయమని ఎవరూ అడగలేదు.

సైదులు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కుడిచెయ్యి భుజం దాకా లేవడం లేదు. స్టేషన్ నుంచి వచ్చినప్పటి నుంచి అంతేనట. గొర్రెల్ని బావమరిదికి తోలేశాడట. సంతలో కొత్తవాళ్ళు పేరడిగి, పేరు విన్నాక బేరం ఆపేస్తున్నారట.

"పేరు మార్చుకుందామనుకుంటున్న సార్," అన్నాడు. అన్న పోయి సార్ వచ్చింది. "మీరు సదువుకున్నోళ్ళు. ఏదన్న మంచి పేరు చెప్పుర్రి."

గోపాల్‌కి తెలిసిన పేరు ఒకటుంది, అది చెప్పలేడు. తీసుకొచ్చిన బిస్కట్ ప్యాకెట్టు అరుగు మీద పెట్టి గుమ్మటం వైపు నడిచాడు.

గుమ్మటానికి ఇప్పుడు చుట్టూ ఇనుప కంచె. పైన రంధ్రాన్ని సిమెంటుతో మూసేశారు. భద్రత కోసం. తలుపుకి పిడికిలంత తాళం, తాళం మీద లక్క ముద్ర. మల్లన్న, పీర్లు, గోరీలో సైదు, అందరూ లోపల చీకట్లో ఉన్నారు. కంచె బయట రాయి మీద ఎవరో పసుపు రాశారు, దాని పక్కనే ఎవరో ఊదుబత్తి గుచ్చారు. వాన రెంటినీ తడుపుతోంది.

సైదమ్మ చీపురుతో కంచె బయటి మట్టి ఊడుస్తోంది. వాన పడుతుంటే ఊడ్వడమేంటని అడిగితే, చెయ్యి ఊకోదు బిడ్డా అంది. గేటుకి వేలాడుతున్న కొత్త బోర్డు చూపించి, దాని మీద ఏం రాశారో చదివిపెట్టమంది. గోపాల్ చదివాడు. ఇది రక్షిత కట్టడం. లోపల ఏ మతానికి చెందిన పూజలూ, ప్రార్థనలూ చేయరాదు. అతిక్రమించినవారు శిక్షార్హులు.

సైదమ్మ చీపురు మీద వాలి అంతా వింది.

"మా తాతల నాడు ఒక దేవుడు పోతె ఇంకో దేవుడొచ్చిండన్నరు. మాకాడికొచ్చేసరికి అందరున్నరు. మరి గిప్పుడు గిండ్ల ఏ దేవుడున్నట్టు బిడ్డా?"

"తాళం," అన్నాడు గోపాల్.

సైదమ్మ తాళాన్ని పైకీ కిందికీ చూసింది. పెద్ద తాళమే. కొంగు సర్దుకుని, కొత్త దేవుడి సంగతి తెలిసిన మనిషిని అడిగినట్టు అడిగింది.

"ఇగ దీనికేం మొక్కాలె? కోడి సరిపోతదా, కందూరే చెయ్యాల్నా?"